పచ్చపువ్వు విత్తనం

2024 ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లో కురిసిన వాన నేను ఎన్నటికీ మరువను. అల్ ఐన్ దిక్కు ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు దాటింది. 1949 నుంచి రాసిపెట్టిన లెక్కల్లో అంత వాన లేదు. మా క్యాంపులోకి మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చాయి.

మూడు వారాలకు ఒక సెలవు దొరికింది. ఎండ ముదరక ముందే నేనూ, జగిత్యాల దోస్తూ షార్జాలోని మలీహా కొండ ఎక్కాం. ఆ రాళ్ళలో గవ్వల అచ్చులుంటాయి. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేది.

దిగి వస్తుంటే ఇసుకలో కనబడింది ఆ పువ్వు. ఐదు రేకులు, కొత్త పసుపు కలిపి అద్దినంత పచ్చన. పొద గుబురుగా లేచి ఉంది. అవతల ఒక ఒంటె అలాంటి పొదనే మెల్లగా మేస్తోంది. దోస్తు ఫోన్‌లో వెతికి ట్రిబ్యులస్ ఒమనెన్స్ అన్నాడు. ఆ దేశపు పువ్వుగా దాన్ని చెప్పుకుంటారట. నాకు పేరు నోరు తిరగలేదు గానీ, ఆ రంగు చూస్తే ఇల్లు గుర్తొచ్చింది.

మాది నవీపేట్. పసుపు ఉడికే వాసనలో పెరిగినవాణ్ణి. ఎకరానికి ఎనిమిది, పది క్వింటాళ్ళ విత్తన కొమ్ము పెట్టాలి. ఎనిమిది, తొమ్మిది నెలలు కాపాడాలి. తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, కాడి వేరు గోళ వేరు చేసి నిజామాబాద్ యార్డుకు తోలాలి. మా చేలో గడ్డిపోచ కనబడితే పూతదాకా ఆగనిచ్చేది కాదు అవ్వ, వేర్లతో సహా పీకించేది. ఇంత చేస్తే 2019లో ధర లేదు. ఆ ఏటి ఎన్నికల్లో మా నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది నిలబడితే అందులో 178 మంది రైతులే. ధర కోసం అంతకన్నా గట్టిగా ఎట్లా అరుస్తారు? ఆ ఏడే నేను అప్పు చేసి వీసా కొన్నాను.

ఏటా జూన్‌లో విత్తనానికి పైసలు పంపేవాణ్ణి. వీసా అప్పు సంగతి అడిగితే "ఎప్పుడో తీరింది తియ్" అనేది అవ్వ. ఈసారి పసుపు ధర బాగా లేచిందని విని, ఎంతకు అమ్మినవని అడిగాను. "పడ్డది తియ్ బిడ్డా, మంచిగనే పడ్డది" అంది.

ఆ రాత్రి పువ్వు ఫోటో పంపి ఫోన్ చేశాను.

"చూసినవా అవ్వా? మన దిక్కు ఇసొంటి పువ్వు లేదు. విత్తనం దొరికితే వచ్చేటప్పుడు తెస్తా. బాయి గట్టు మీద పెడుదువు."

అవతల చాలాసేపు మాట లేదు. లైను తెగిందనుకున్నాను.

"గంత ఎత్తు లేస్తదా అక్కడ?" అంది చివరికి.

"లేస్తది. నీకెరికేనా ఇది?"

"విత్తనం తేకు బిడ్డా. అది పల్లేరు. నాలుగేండ్ల సంది మన పసుపు చేనంతా అదే పూస్తున్నది."