మిషనుకు రాని విద్య

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందండీ. అంటే మన ఊరి పేరు పెట్టి ఇంకెవరూ అమ్ముకోకూడదన్నమాట. కానీ చైనా మిషను లేసుకు ఊరి పేరుతో పనేముంది? చవగ్గా ఉంటే చాలు, బజార్లో గుట్టలుగా దిగిపోతుంది. క్రోషియా సూదితో ఒక్కో కుట్టూ అల్లుకుంటూ పోయే ఈ పనిని ఉన్నదున్నట్టు చేసే మిషను ఇప్పటిదాకా రాలేదు. వచ్చిందల్లా పెళ్లిచూపుల్లో అద్దెనగలాంటి సరుకు, దూరం నుంచి చూస్తే బాగానే మెరుస్తుంది.

మరి మిషనుకు రాని పని చేసే ఆడమనిషికి కూలి ఎక్కువ ఉండాలి కదా? ఆయ్, కిటుకు అక్కడే ఉంది. ఆవిడ అరుగు మీద కూర్చుని అల్లుతుంది కాబట్టి అది పని కాదుట, కాలక్షేపంట! జర్మనీ ఆవిడ మరియా మీస్ ఇక్కడికొచ్చి చూసి, 1982లో పుస్తకం వేసి మరీ ఈ మాయ విప్పింది. దేశదేశాల పండితులు చదివారు. లేసు షావుకార్లు చదవలేదు.

ఈలోగా రేషన్ దుకాణంలోకి వేలిముద్ర మిషనొచ్చింది. దారానికీ అంట్లకీ గీతలు అరిగిపోయిన వేలు పెడితే "సరిపోలలేదు" అంటుంది. లేసు అల్లే ఆవిడ చీరకొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ అదే పాట.

"ఇంకో వేలు పెట్టండి పిన్నిగారూ," అన్నాడు డీలరు, "పని చెయ్యని వేలేదైనా ఉంటే!"