వాటాల ఆరాధన

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్బీనగర్‌లో దిగి, రంగారెడ్డి జిల్లా కోర్టు వరండాలో నూటయాభై గజముల జాగాకై దావా వేసికొన్న తోబుట్టువులను చూచి ముక్కున వేలు వేసికొను సంగీతప్రియులు, తాము ఏటేటా పుష్య బహుళ పంచమినాడు గొంతెత్తి కొలుచు త్యాగయ్యగారి వారసుల కథ నొకపరి స్మరింపవలెను.

1847లో ఆ మహానుభావుడు విడిచిపోయిన సొత్తు ముఖ్యముగా కీర్తనలు. కీర్తనలకు హద్దురాళ్లు పాతుట దుర్ఘటము గనుక, తరువాతి తరముల శిష్యులు ఆయన ఆరాధననే పంచుకొని, పెద్ద కక్షియనియు చిన్న కక్షియనియు చీలి, ఒకరి సమాప్తిదినమే ఇంకొకరికి ప్రారంభదినముగా తిరువయ్యారున వేర్వేరు ఉత్సవములు నడిపిరి. ఉభయులకును సమ్మతమైన విషయ మొక్కటే: సమాధి ముంగిట ఆడువారు పాడరాదు!

పాడరాదన్న చోటనే గాయని బెంగుళూరు నాగరత్నమ్మ తన ఆర్జనము ధారవోసి 1925 నాటికి గుడి కట్టించినది. అందును పాడుటకు చోటీయకున్న, స్త్రీలతో మూడవ కక్షి నిలిపినది. రాజీ కుదిరినది 1941లో. ఆవిడ పెట్టిన ఖర్చులో వాటాకై మాత్రము ఏ కక్షియు కలహించినట్లు వినలేదు.