అయ్యవారు స్కోపస్‌లో ఉన్నారు

విశాఖ ఉక్కు కర్మాగారం నిర్వాసితుల మీద స్కోపస్‌ లాంటి జాబితాకెక్కిన, గుర్తింపున్న జర్నల్‌లో పేపరేస్తే సామాజికశాస్త్రాల ప్రొఫెసరుగారికి యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 పాయింట్లు. అదే నిర్వాసితుడి పక్కన చతికిలబడి, మడతల్లో చిరిగిన పునరావాస కార్డు (ఆర్‌-కార్డు) విప్పి చూసి, ఉద్యోగానికి అర్జీ రాసిపెడితే? పరిశోధన ఖాతాలో గుండుసున్నా. విస్తరణ కార్యక్రమాల గడిలో ఓ టిక్కు పడొచ్చు, అదీ బ్యానరూ ఫొటోలూ ఉంటేనే. (బ్యానరు మీద అర్జీదారుడి బొమ్మ అక్కర్లేదు.)

1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ రోడ్డెక్కిన విద్యార్థులు పాపం క్రెడిట్లు అడగడం మరిచారు. ఇప్పుడా బెంగ లేదు. సమాజంతో మమేకమవడానికి 2 క్రెడిట్లు, 30 గంటలని యూజీసీయే కొలిచిపెట్టింది. ముప్పై ఒకటో గంటకు అగనంపూడి నిర్వాసితుల కాలనీ నుంచి ఎవరైనా వస్తే, అయ్యవారు స్కోపస్‌లో ఉన్నారని చెప్పి పంపెయ్యండి.