పక్కోడి వైపు చూడరాదు

మా రామసముద్రం పిల్లోడొకడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతున్నాడు. కరెంటు పనొక్కటే వస్తే చాలదట, మనిషి అన్ని విధాలా పనికిరావాలట. అందుకని ఎంప్లాయబిలిటీ స్కిల్స్ అని వేరే సబ్జెక్టే పెట్టినారు. మాట తీరు, వేళకు రావడం, నలుగురితో కలిసి పనిచేయడం. మంచిదే. పరీక్షలో కంప్యూటరు ముందు కూర్చుని నాలుగింట్లో ఒకటి నొక్కాల. కలిసి పనిచేయడం మీద ప్రశ్నొచ్చినప్పుడు పక్కోడి వైపు చూస్తే మాత్రం డిబారు!

సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఇంగ్లీషులో బట్టీ పట్టినాడు. కర్ణాటక గట్టునున్న ఊరు మాది. టమాటా మండీలో తెలుగులో పలకరించి, కన్నడంలో బేరమాడి, రెండు భాషల్లోనూ తిట్లు పడకుండా బయటపడతాడు వాడు. ఆ విద్యకు మార్కుల్లేవు.

2020 జాతీయ విద్యా విధానం ఇంకా ముందుకు పోయింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి వదిలి వడ్రంగుల దగ్గర, కుమ్మరుల దగ్గర పని చూడాలంది. 2025 కల్లా బడుల్లో, కాలేజీల్లో చదివేవాళ్ళలో కనీసం సగం మందికి వృత్తి విద్య రుచి చూపాలంది. సంచి లేని రోజులు మాకు కొత్తా? టమాటా కోతలప్పుడు మా పిల్లలకు సంచీ ఉండదు, బడీ ఉండదు. నెత్తిన క్రేటుంటుంది.

మొన్న వాళ్ళ తోటలో బోరు నిలిచిపోయింది. మనోడు టెస్టరు పట్టుకుని స్టార్టరు డబ్బా తెరిచినాడు, మూసినాడు. ఆఖరుకు మోటార్లు బాగుచేసే అన్నొచ్చినాడు. డబ్బా ముట్టకుండా గట్టు మీది అవ్వనడిగినాడు.

"అవ్వా, నిలిచేముందు ఏమన్నా సద్దు చేసెనా?"

"డబ్బా గుర్రుమనె నాయనా. ఆనెంక కాలిన వాసనొచ్చె."

కాంటాక్టులు కాలినాయని ఆయనకు అక్కడే అర్థమైపోయింది. చదువుకున్నోళ్ళు దీన్ని యాక్టివ్ లిజనింగ్ అంటారు. మనోడికి దాని నిర్వచనం నోటికొచ్చు.

"వారానికో పూట కాలేజీలో పాఠం చెప్పకూడదాన్నా?" అన్నాను.

"పది తప్పినోణ్ణి. నన్ను గేటు లోపలికి రానిస్తారా సామీ?" అన్నాడు స్క్రూడ్రైవరు తుడుచుకుంటా.

పొద్దు గుంకింది. పిల్లోడు టార్చి పట్టుకుని ఆయన చేతులకేసే చూస్తా నిలబడినాడు. పక్కోడి వైపు అంతసేపు చూసినా ఎవరూ డిబారు చేయలేదు.