ఒక్క రోజులో రోమ్, రెండు పూటలా పప్పుతో

వేసవికి ముందు హైదరాబాద్, విజయవాడల్లో ట్రావెల్స్ వాళ్లు పంచే యూరప్ టూరు కరపత్రాల్లో రోమ్ మహానగరానికి దక్కేది తరచుగా ఒక్క రోజే. ఆ రోజు పొద్దున్నే వాటికన్ మ్యూజియంలు, సిస్టీన్ చాపెల్, సెయింట్ పీటర్స్ బసిలికా చూడాలి. మధ్యాహ్నం ఇండియన్ భోజనం చెయ్యాలి. చీకటి పడేలోగా కొలోసియం, పాంథియాన్, ట్రెవీ ఫౌంటెన్, స్పానిష్ మెట్లు ముగించుకుని మళ్లీ ఇండియన్ భోజనానికి హాజరు కావాలి. ముందే చెబితే జైన భోజనం కూడా ఏర్పాటు చేస్తామని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనిషికి కాళ్లు రెండే అన్న సంగతి మాత్రం ఎంత చిన్న అక్షరాల్లోనూ ఉండదు.

కరపత్రం రాసేవాళ్ల ప్రతిభను తక్కువ చెయ్యకూడదు. ‘పది రోజుల్లో ఏడు దేశాలు’ అనిపించడం సామాన్యుల పని కాదు. లెక్క తక్కువపడిన చోట వాటికన్ ఆదుకుంటుంది. 1929లో ఇటలీతో ఒప్పందం కుదిరి విడి దేశమైన ఆ ఊరి విస్తీర్ణం 44 హెక్టార్లు, అంటే నూట పది ఎకరాలు కూడా లేదు. అంత భూమి ఉన్న జమీందార్లు మన వైపు చాలామందే ఉండేవారు, పాపం వాళ్లనెవరూ దేశాల్లో కలపలేదు. సెయింట్ పీటర్స్ ఆవరణలోకి అడుగుపెట్టేటప్పుడు వీసా అడిగేవాడుండడు, పాస్‌పోర్టు మీద ముద్ర వేసేవాడుండడు. అయినా దేశం దేశమే. తిరిగొచ్చాక పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి ఒకటి కలిసొస్తుంది.

హోటల్ రోమ్‌లో ఉంటుందనుకుంటే అది మన అమాయకత్వం. ఊరి చుట్టూ ఉన్న రింగురోడ్డు అవతల గదులు చవక. అక్కణ్ణుంచి ట్రాఫిక్‌లో పడి రావాలి గనక ఆరింటికల్లా గదిలో ఫోను మోగుతుంది, ఏడింటికి బస్సు కదులుతుంది. బస్సు దిగగానే తలా ఒక చిన్న డబ్బా మెడలో వేస్తారు, చెవిలో వైరు పెడతారు. ఇక గైడు పైకెత్తిన గొడుగే గమ్యం. “అంకుల్, కొంచెం ఫాస్ట్‌గా! ఆంటీ, ఫోటోలు తర్వాత!” అని వెనక నుంచి టూర్ మేనేజరు తోలుతుంటాడు.

వాటికన్ మ్యూజియంల గ్యాలరీలు మొత్తం కలిపితే ఏడు కిలోమీటర్ల దాకా ఉంటాయంటారు. అందులో పటాల గ్యాలరీ ఒక్కటే 120 మీటర్ల పొడవు. ఇటలీలోని ప్రాంతాలన్నిటినీ పదహారో శతాబ్దంలో గోడలకెక్కించిన అద్భుతం అది. దాన్ని మన బృందం చూసే తీరు వేరు. తలలు పైకి, కాళ్లు ముందుకి, కళ్లు గొడుగు మీద. చిత్రకారుడు రాఫెల్ బొమ్మలు వేసిన గదుల వైపు మళ్లితే ఆలస్యమవుతుందని గైడు తిన్నగా సిస్టీన్ చాపెల్ దారి పట్టిస్తుంది. చాపెల్లో మాట్లాడకూడదు, ఫోటో తియ్యకూడదు. కాబట్టి చెప్పదలచుకున్నదంతా ముందే పెరట్లో బొమ్మల పలకల దగ్గర నిలబెట్టి చెప్పేస్తారు. ఎండలో విన్న పాఠాన్ని గంట తర్వాత చీకటి గదిలో గుర్తు చేసుకుని, ఇరవై మీటర్ల ఎత్తున ఉన్న బొమ్మలకు అన్వయించుకోవాలి. ఎమ్సెట్‌లో కూడా ఇంత అన్యాయం ఉండేది కాదు.

మైకెలాంజిలోకి ఆ పైకప్పు బొమ్మలు వెయ్యడానికి 1508 నుంచి 1512 దాకా నాలుగేళ్లు పట్టింది. నిలబడి, మెడ వెనక్కి వాల్చి రంగులు వేసీ వేసీ, ఒళ్లు హూనమైందని మిత్రుడికి పద్యం రాసి మొరపెట్టుకున్నాడు. మనవాళ్లు పావుగంటలో ఆ మెడనొప్పిని మాత్రం పూర్తిగా సంపాదించుకుని బయటపడతారు. కాపలావాళ్లు మైకులో నిశ్శబ్దం, నిశ్శబ్దం అని అరుస్తుంటారు, మధ్యలో నిలబడితే కదలమంటారు. తిరుమలలో ‘జరగండి జరగండి’ అలవాటైన మనకిది కొత్త కాదు. తేడా ఒక్కటే, అక్కడ ఆ క్షణంలో ఎవరిని చూశామో మనకు తెలుసు.

తొందరంతా అయ్యాక హఠాత్తుగా కాలం ఆగిపోతుంది. బృందాన్ని ఒక కొట్లోకి తీసుకెళ్తారు. జపమాలలు, అయస్కాంతం బిళ్లలు, తోలు పర్సులు. రాఫెల్‌కి దొరకని నలభై అయిదు నిమిషాలు ఇక్కడ పుష్కలంగా దొరుకుతాయి. పైగా టాయిలెట్ లోపలి గదిలో ఉంటుంది, పర్సులన్నీ దాటితే గానీ చేరలేం. ఈ కొట్టుకూ టూరు నడిపేవాళ్లకూ ఉన్న అనుబంధం గురించి కరపత్రంలో చిన్న అక్షరాలు కూడా లేవు.

మధ్యాహ్నం కొలోసియం. క్రీ.శ. 80లో తీతస్ చక్రవర్తి ప్రారంభించిన ఆ కట్టడంలో దాదాపు యాభై వేల మంది హాయిగా కూర్చుని, కింద మనుషులు చావడం చూసేవారు. మనవాళ్లకు కూర్చునే యోగం లేదు. లోపలికి విడిగా టికెట్టు, ముందే సమయం ఖాయం చేసుకోవాలి. కరపత్రం మాటిచ్చింది బయటి నుంచి ఫోటోకే. పర్యాటక బస్సుల్ని పాతనగరం నడిబొడ్డులోకి ఇష్టం వచ్చినట్టు రానివ్వరు కాబట్టి అక్కణ్ణుంచి రాళ్లు పరిచిన సందుల్లో కాలినడక. ఊరంతా దాదాపు 2,500 చలివేంద్రపు కుళాయిలున్నాయి, రోజంతా చల్లటి మంచినీళ్లు ఉచితం. అక్కడ ఆగడానికి టైము లేదు గనక బస్సులో సీసా కొనుక్కుని, యూరోని రూపాయల్లోకి మార్చుకుని, గుక్కగుక్కకీ బాధపడుతూ తాగాలి.

ట్రెవీ ఫౌంటెన్ దగ్గర వీపు తిప్పి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా నాణెం వేస్తే మళ్లీ రోమ్‌కి వస్తారట. ఆ నాణేలు ఏరి పేదల సేవకు వాడతారు, ఏడాదికి పది లక్షల యూరోల పైమాటే. మంచి పనే. కానీ మొదటిసారే సరిగ్గా రానివాళ్లు రెండోసారికి నాణెం వెయ్యడంలో తర్కమేమిటో నాకు అంతుబట్టదు.

చివరికి స్పానిష్ మెట్లు. పొద్దుట్నుంచి నడిచిన ప్రాణానికి ఎదురుగా వంద పైచిలుకు మెట్లు కనిపిస్తే ఏమనిపిస్తుంది? కూలబడాలనిపిస్తుంది. 2019 నుంచి అక్కడ కూర్చోవడం నిషేధం, జరిమానా 400 యూరోల దాకా పడవచ్చు. పోలీసు ఈల వేసి మరీ లేపుతాడు. కీట్స్ కవి 1821లో కన్నుమూసింది ఆ మెట్ల పక్కింట్లోనే. ఆ మాట చెప్పేసరికే గైడు డ్యూటీ టైమైపోతుంది. ఆమెను అనడానికి లేదు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న మనిషి, తెలిసినదంతా మింగి రోజంతా గొడుగు మొయ్యాలి.

ఇంత అలసటలోనూ ఒక మనిషి నిక్షేపంగా ఉంటాడు: బస్సు డ్రైవరు. యూరప్ చట్టం ప్రకారం నాలుగున్నర గంటలు నడిపితే నలభై అయిదు నిమిషాల విరామం ఇవ్వాలి. రోజుకు మామూలుగా తొమ్మిది గంటలకు మించి నడపకూడదు, మళ్లీ బండెక్కే ముందు పదకొండు గంటల విశ్రాంతి ఉండాలి. ఇవన్నీ బండిలోని టాకోగ్రాఫ్ అనే యంత్రం నమోదు చేస్తుంది, లెక్క తప్పితే జరిమానా. చాలా సబబైన చట్టం. నిద్ర చాలని డ్రైవరు నలభై మందిని లోయలో పడేస్తాడు. నిద్ర చాలని యాత్రికుడు పాంథియాన్‌ని చూసి “ఇది పొద్దున చూశాంగా” అంటాడు, అంతే కదా. అందుకే యాత్రికుడి మెడలో వేసే డబ్బా గైడు గొంతును వినిపిస్తుంది గానీ, ఆ యాత్రికుడు ఎన్ని గంటలుగా నిలబడి ఉన్నాడో లెక్కగట్టదు.

వెనకటి యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిలో ప్రతి మజిలీ గురించీ రాసిపెట్టాడు. మనకంత తీరిక లేదు, సరే. సెలవు పెట్టాలి, వీసాకి తిరగాలి, టికెట్టు లక్షల్లో ఉంటుంది, జన్మలో మళ్లీ వస్తామో రామో. ట్రావెల్స్ వాళ్లు ఈ భయాన్నే సరుకు చేసి అమ్ముతున్నారు. ఆ సరుకుకి ఆర్డరిచ్చింది మాత్రం మనమే. తిరిగొచ్చాక తోడల్లుడు “వాటికన్ లోపలికి వెళ్లారా?” అంటాడే గానీ, “ఎక్కడైనా కాసేపు కూర్చున్నారా?” అనడు. ఆ మొదటి ప్రశ్నకు లేదనడం మన ఇంటావంటా లేదు.

రేపు ఏ కంపెనీకో బుద్ధి పుట్టి, రోజుకు రెండే చోట్లు చూపిస్తాం, మిగతా పూట ఏ చెట్టు నీడనో కాఫీ తాగండి అని కరపత్రం వేసిందనుకుందాం. ఫోను చేసి అడిగే మొదటి మాట నాకిప్పుడే వినిపిస్తోంది. “అదే రేటుకి పక్కవాళ్లు పీసా కూడా కలుపుతున్నారండీ, మీరేం తగ్గిస్తారు?”