ఉప్పు డబ్బా మీది ఏకాక్షరి: టీకా తాత్పర్యం

అవతారిక: జపానువాళ్ళ వంటింట్లో ఉప్పు డబ్బా మీద తరచు ఒక్క అక్షరమే కనిపిస్తుంది. దాన్ని ‘షియో’ అని చదువుతారు. కర్త ఎవరో తెలియదు. గీతలు పదమూడు. ఇంత చిన్న కావ్యానికి వ్యాఖ్య ఎందుకంటారా, చిన్నదానికే గదా వ్యాఖ్య పెద్దదవుతుంది!

ప్రతిపదార్థం: ఎడమపక్క = మట్టి; కుడివైపు పైన = ఒరిగిన మనిషి; ఆ కింద = నోరు; అడుగున = పళ్ళెం.

అన్వయం: పళ్ళెంలోని ఏ మట్టిని మనిషి నోట వేసుకొనునో అది ఉప్పు. ఇది బాలబోధ. అక్కడి నాలుగో తరగతి పిల్లలు అక్షరం గుర్తుపెట్టుకోవడానికి చాలు, వ్యుత్పత్తికి చాలదు.

పాఠాంతరం: ప్రాచీన పాఠంలో గీతలు ఇరవై నాలుగు. పళ్ళెం అప్పుడూ అడుగునే ఉంది. ఇప్పుడు మట్టి ఉన్నచోట విప్పారిన కన్ను, నోరు ఉన్నచోట చౌటినేల గుర్తు ఉండేవి. ఇందులో చౌటినేలను తీసేస్తే మిగిలేది మరో అక్షరం. నీళ్ళ పళ్ళెం మీదికి వంగి మొహం చూసుకొనేవాడని దాని మొదటి అర్థం, పైనుండి కనిపెట్టి చూడటమని తర్వాతిది. క్రీ.శ. 100 నాటి చైనా నిఘంటుకారుడు షూ షెన్ మాత్రం ఈ కన్నూ మనిషీ పళ్ళెమూ ఉచ్చారణ కోసమే వచ్చాయనీ, అర్థమిచ్చేది చౌటినేల ఒక్కటేననీ తేల్చేశాడు.

చమత్కారప్రియులు ఇక్కడ ఊరుకోరు. చైనాలో హాన్ చక్రవర్తి వూ నాడే ఉప్పు సర్కారు గుత్త అయింది, కాబట్టి ఆ కన్ను సర్కారుదే అంటారు. వినడానికి సొంపుగా ఉంది గాని మేము ఒప్పుకోము. జపాను ప్రభుత్వం ఉప్పును 1905లో చేతిలోకి తీసుకొని 1997 దాకా వదలలేదు. ఈ నడుమనే, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, కన్నులేని పొట్టి అక్షరాన్ని అధికారికం చేసింది. అక్షరంలో కన్ను పోయినా గుత్త మీద కన్ను అర్ధశతాబ్దం దాకా పోలేదు!

శంక: జపానులో రాతి ఉప్పు గనులే లేవు, సముద్రమే దిక్కు. ఈ మట్టి ఎక్కడిది?

సమాధానం: నోతో ద్వీపకల్పంలో సుజు తీరానికి పోయి చూడవలె. అక్కడ పాత పద్ధతివాళ్ళు సముద్రపు నీళ్ళు మోసుకొచ్చి ఇసుకమడి మీద చిలకరిస్తారు. ఎండకు నీరు ఆరి ఉప్పు ఇసుకను పట్టుకుంటుంది. ఆ ఇసుకను పోగుచేసి మళ్ళీ సముద్రపు నీటితోనే కడిగి, దిగిన చిక్కటి నీటిని పెద్ద బానలో కాస్తారు. అక్షరంలో మట్టి దూరింది దీనివల్లేనని మేము చెప్పము. దూరినందుకు తప్పుపట్టము, అంతే.

ఐతిహ్యం: పద్నాలుగో శతాబ్దపు సన్యాసి కెన్‌కో తన ‘త్సురెజురెగుసా’లో రాసిన ముచ్చట. సన్యసించిన చక్రవర్తి ఎదుట అత్సుషిగె అనే వైద్యుడు, వడ్డించిన పదార్థాల్లో దేన్ని గురించి అడిగినా పుస్తకం చూడకుండా చెబుతాననీ, కావాలంటే ఓషధి గ్రంథాలతో సరిచూసుకోమనీ డాబు కొట్టాడు. అప్పుడే వచ్చిన మంత్రి అరిఫుస, ఉప్పు అక్షరానికి పక్కభాగం ఏమిటని అమాయకంగా అడిగాడు. మట్టి, అన్నాడు వైద్యుడు. నీ పాండిత్యం తెలిసింది, ఇక చాలన్నాడు మంత్రి. సభంతా గొల్లుమంది, వైద్యుడు లేచిపోయాడు. అది పామరుల రాత, పండితుల పాఠంలో మట్టే లేదు మరి!

విశేషం: మంత్రి ప్రశ్నలోనే మెలిక ఉంది. పండితపాఠంలో అడుగంతా పళ్ళెం పరుచుకుని ఉంటుంది గనుక, విడదీసి చూపడానికి నిలువునా పక్కభాగమంటూ లేదు. అడిగినవాడికి అది తెలియదా? తెలిసే అడిగాడని మా అనుమానం. వైద్యుడి పక్షాన ఇంకొక మాట. పొద్దస్తమానం మందుచీట్లు రాసేవాడికి ఇరవై నాలుగు గీతల తీరిక ఎక్కడిది?

తాత్పర్యం: నేటి జపాను నిఘంటువులు ఈ అక్షరాన్ని మట్టి వర్గంలోనే పెట్టాయి. అత్సుషిగె జవాబుకు ఇప్పుడు పూర్తి మార్కులు.