ముట్టుకోని పళ్లెం

ఈమధ్య హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీ విందుల్లో చీజ్ బోర్డు పెట్టకపోతే పరువు దక్కడం లేదు. చెక్క పలక మీద ఫ్రాన్స్ వారి బ్రీ, ఇంగ్లండ్ వారి చెడ్డార్, సందులో బిక్కుబిక్కుమంటూ అమూల్ క్యూబులు. చుట్టూ ద్రాక్ష, అంజీర, నల్లబడకుండా నిమ్మరసం పూసిన యాపిల్ ముక్కలు. చీజ్‌ను గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టాలన్నది చలిదేశాల పద్ధతి. మన రోహిణీ కార్తెలో ఆ గంటకే బ్రీ కారి అంజీరను పలకరిస్తుంది. ఫొటోలు అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, అయ్యాక ఎవరూ ముట్టుకోరు. ‘వెన్న పాడైనట్టుందమ్మా’ అని ఓ పెద్దాయన పైకే అనేశారు. (ద్రాక్షను మాత్రం పిల్లలు గుత్తులకు గుత్తులే లాగేశారు.) తల్లీ, పలక ముచ్చటగానే ఉంది, అలాగే ఉంచండి. మాకు మాత్రం రెండు వాయిలు మిర్చి బజ్జీలు వేయించండి.